గురువారం పట్టణం

కబురు వచ్చేసరికి కుందన నోట్లో సగం గారె ఉంది.

"ఒప్పుకున్నారు!" అంటూ ఫరీదా కుర్చీ వెనక్కి తన్ని లేచింది. ఆ అరుపుకి గారె ముక్క కుందన గొంతుకు అడ్డం పడింది. దగ్గుతూ, కళ్లనీళ్లు తుడుచుకుంటూ, వేళ్లకంటిన చట్నీ చున్నీకి రాసేసుకుంటూ ఆమె కూడా కంప్యూటర్ దగ్గరికి పరిగెత్తింది. ప్రయోగశాలలో చెప్పులు బయటే విడవాలి. నున్నటి నేల మీద ఆమె కొత్త మట్టెలు టకటకలాడాయి. పెళ్లయి రెండు నెలలు దాటినా, ఆ చప్పుడు విన్నప్పుడల్లా ఎవరో వస్తున్నారనుకుని తనే వెనక్కి తిరిగి చూస్తూ ఉంటుంది.

లోపలి గదిలోంచి డైరెక్టరు భువనమూర్తి గారు వచ్చారు. కళ్లజోడు నుదుటి మీద పెట్టుకుని, కళ్లజోడు కోసం జేబులు తడుముకుంటున్నారు.

"ఎవరమ్మా ఒప్పుకున్నది?"

"లోకం, సార్! లోకమంతా ఒప్పుకుంది!"

ఆయన ఉత్తరం రెండుసార్లు చదివారు. మూడోసారి పైకి చదివారు. ఏ దేశంలోనైనా సరే, ఏది పల్లె, ఏది పట్టణం, ఏది నగరం అని తేల్చడానికి విశాఖపట్నంలోని ఈ చిన్న ప్రయోగశాల గీసిన పటాన్నే కొలబద్దగా తీసుకోవాలని ప్రపంచ గణాంక మండలి తీర్మానించింది. నెలాఖరు వరకూ ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. ఆ తర్వాత పదేళ్ల పాటు ఆ పటానికి తిరుగులేదు.

"శనివారం సభ పెడదాం. మండలి వాళ్లని కూడా వీడియోలో కూర్చోబెడదాం," అన్నారు భువనమూర్తి గారు. "ముందు ఎవరైనా వెళ్లి మాడుగుల హల్వా పట్టుకురండి. డబ్బులు నావి."

కుందన వరండాలోకి వచ్చి భర్తకు ఫోను చేసింది. అందలేదు. యుగంధర్ ఏజెన్సీలో పశువుల డాక్టరు. కొండ మీద అతని ఆసుపత్రి డాబా ఎక్కితే తప్ప సిగ్నలు దొరకదు. ఆ సంతోషం ఎవరికో ఒకరికి చెప్పకపోతే పేలిపోయేలా ఉండటంతో అత్తగారికి చేసింది.

"అత్తయ్యా, మా పటం ఒప్పుకున్నారు!"

"ఏ పటవమ్మా? గోడకి కట్టీదా?"

"కాదత్తయ్యా. ఏది పల్లె, ఏది పట్నం అని చెప్పే పటం."

"అది చెప్పడానికి ఆకాశంలోకి ఎల్లాలేటే తల్లీ? బస్సు దిగితే తెలీదా?"

కుందన నవ్వి, వరండా గట్టు మీద కాళ్లు ముడుచుకుని కూర్చుంది. "చూడండి, ఒక దేశంలో రెండొందల మంది ఒకచోట ఉంటే చాలు, పట్టణం అంటారు. ఇంకో దేశంలో యాభై వేలుంటేగానీ ఆ మాట అనరు. మీరు కుంచంతో కొలిచి, పక్కింటావిడ గ్లాసుతో కొలిస్తే, ఎవరింట్లో బియ్యం ఎక్కువున్నాయో ఎలా తెలుస్తుంది?"

"దాని గ్లాసు నాకు తెలీదేటి! అడుగు ఎత్తుగా ఉంటాది."

"అదే మరి! అందుకని భూమి మొత్తాన్ని కిలోమీటరుకి కిలోమీటరు గడులుగా కోసేశాం. ఒక్కో గడిలో ఎంతమంది ఊపిరి తీస్తున్నారో మా ఉపగ్రహం పైనుంచి చూస్తుంది. కిక్కిరిసి ఉంటే నగరం, ఓ మోస్తరుగా ఉంటే పట్టణం, పలచగా ఉంటే పల్లె, దాదాపు ఎవరూ లేకపోతే ఖాళీ. ఏ దేశమైనా ఒకటే కుంచం."

"ఊపిరి కూడా లెక్కెట్టీసినారూ! ఆవులవి కూడానా?"

"ఆవుల ఊపిరి వేరత్తయ్యా. తేడా కనిపెట్టడమే కదా మేం చేసిన గొప్ప పని."

"మా వాడికి చెప్పకు. ఆవుల్ని ఒగ్గీసినారని అలిగీగల్డు."

మనుషుల ఊపిరిని ఆకాశంలోంచి గుర్తుపట్టే ఆ పరికరం కోసం భువనమూర్తి గారు ఇరవై ఏళ్లు పడ్డ పాట్లు అత్తగారికి చెప్పడం కుందన వల్ల కాలేదు. ఉపగ్రహం పేరు నిశ్వాస. సూర్యుడి వెలుగుంటేనే దానికి చూపు ఆనుతుంది. అందుకని ఏ ఊరి మీదికైనా పొద్దున్న ఏడింటికి వెళ్లేలా దాని దారి నిర్ణయించారు. వెలుగూ ఉంటుంది, జనం ఇంకా ఇళ్లలోనే ఉంటారు. ఏ గడి మీదికైనా రెండు వారాలకోసారి వస్తుంది. మొదట్లో పదహారు రోజులకోసారి రావాలనుకున్నారు. అలాగైతే ఒక్కో చుట్టు పూర్తయ్యాక లెక్కలు ప్రయోగశాలకు ఒకసారి ఆదివారం, ఒకసారి పండగ రోజు వచ్చిపడతాయి. "ఆదివారం ఇంటి పట్టున ఉండే హక్కు మనిషికి ఉంది," అని భువనమూర్తి గారే పట్టుబట్టి పద్నాలుగు రోజులకు మార్పించారు. ఆ రోజు అందరూ చప్పట్లు కొట్టారు. కొత్తగా పెళ్లి కుదిరిన కుందన అందరికంటే గట్టిగా కొట్టింది. యుగంధర్ కొండ దిగి వచ్చేది శనివారం సాయంత్రమే. ఒకే గ్లాసులో రెండు బ్రష్షులు కనిపించేది ఆదివారమే.

ఈసారి ఆదివారం దాకా ఆగబుద్ధి కాలేదు. రెండు రోజులు సెలవు పెట్టి, హల్వా డబ్బా సంచిలో వేసుకుని, మర్నాడు తెల్లవారకముందే ఏజెన్సీ బస్సు ఎక్కేసింది. భర్త పనిచేసే చోటు ఆమె ఇంతవరకూ చూడలేదు. ఘాట్ రోడ్డు మలుపుల్లో డబ్బా ఒళ్లో పెట్టుకుని, వస్తున్నట్టు చెప్పకుండా వెళ్తున్నందుకు తనలో తనే నవ్వుకుంది. పక్క సీటులోని పెద్దాయన అనుమానంగా చూసి కిటికీ వైపు జరిగాడు.

బస్సు ఆగింది బొడ్డగండిలో. దిగితే కాలు పెట్టే చోటు లేదు. అది గురువారం. బొడ్డగండిలో సంత.

అల్లం, పసుపు కొమ్ములు, పిప్పళ్లు, కొండచీపుర్లు, ఎండుచేపలు, ప్లాస్టిక్ బిందెలు, చొక్కాలు, సోలార్ దీపాలు, మేకలు, కోళ్లు. ఐదారు వేల మంది గొంతులు ఒక్కసారిగా వినిపిస్తున్నాయి. కుందన డబ్బా గుండెకి అదుముకుని, మేకల అరుపు ఎటు ఎక్కువగా ఉంటే అటు నడిచింది. మైదానం చివర రేకుల షెడ్డులో యుగంధర్ ఒక మేకను మోకాళ్ల మధ్య ఇరికించుకుని సూది గుచ్చబోతున్నాడు.

"ఏవండీ డాక్టరు గారూ, మేకలకేనా, మనుషులకీ వేస్తారా సూదులు?"

యుగంధర్ తల తిప్పాడు. మోకాళ్లు వదులయ్యాయి. మేక పారిపోయింది. దాని సొంతదారు దాని వెనక, యుగంధర్ సొంతదారుడి వెనక పరిగెత్తి, పట్టుకొచ్చేసరికి షెడ్డు చుట్టూ ఉన్నవాళ్లంతా పొట్టలు పట్టుకు నవ్వుతున్నారు.

"చెప్పి రావచ్చు కదా సైంటిస్టు గారూ," అన్నాడు యుగంధర్ రొప్పుతూ. చొక్కా నిండా మందు వాసన. కుందనకు ఆ వాసనంటే ఇష్టమని చెబితే ఎవరూ నమ్మరు.

"చెప్పొస్తే మేక పరుగు చూసేదాన్నా? ఇదిగో, నోరు తెరువు. మా పటం లోకమంతా ఒప్పుకుంది."

హల్వా నోట్లో పెట్టించుకున్నాక యుగంధర్ మొహం ఒకలా అయింది. సంతోషమే, కానీ ఏదో అడ్డం పడ్డట్టుగా ఉంది. "మంచిదే. మీ పటం ఇక్కడికి కూడా వచ్చింది. చూపిస్తా రా."

మైదానం నడిమధ్య మూడు కొత్త వీధిదీపాల స్తంభాలున్నాయి. ఒకదానికి 'బొడ్డగండి పట్టణ ప్రాంతం' అన్న నీలిరంగు బోర్డు కొట్టారు. స్తంభాల కింద ఆకుపచ్చ చెత్తడబ్బాలు వరసగా ఉన్నాయి. ఒక డబ్బాలో ఎవరో కోడిపిల్లల్ని అమ్మకానికి పెట్టారు.

"ఇదేంటి?" అంది కుందన నవ్వుతూ.

"మీ పటమే. ప్రపంచానికి ఇవ్వడానికి ముందు నమూనాగా కొన్ని కొండ ప్రాంతాల్లో వాడి చూస్తున్నారట కదా. దాని ప్రకారం ఇది పట్టణం."

మధ్య స్తంభం కింద, వెనక రోగిని పడుకోబెట్టే పడక తగిలించిన బైకు అంబులెన్సు ఒకటి నిలబడి ఉంది. చక్రాలకు గొలుసు వేసి తాళం పెట్టారు. దాని నీడలో అల్లం పోసుకుని కూర్చున్న నడివయసు ఆడమనిషి, డాక్టరు పెళ్లాం వచ్చిందని అప్పటికే విన్నట్టుంది, కుందనను పైనుంచి కిందికి చూసి పలకరించింది. ఆవిడ పేరు లచ్చమ్మ అని, పై కొండ మీది రేగంగుడ ఆమె ఊరని యుగంధర్ చెప్పాడు.

"నీది టౌనేనా అమ్మా?"

"అవునండీ, వైజాగు."

"మాదీ టౌనే ఇప్పుడు," అంది లచ్చమ్మ, బోర్డు వైపు గెడ్డం ఎగరేసి. పక్కన కూర్చున్నవాళ్లు ఫక్కున నవ్వారు. "టౌనుకి బండి ఉండాలంట. మా ఊళ్లో ఉన్న బండిని తోలుకొచ్చీసి ఇక్కడ గొలుసేసినారు. మా కోడలు చిలకమ్మకి నెలలు నిండినాయి. నొప్పులొస్తే డోలీ కట్టి, ఈ బండి కాడికి మోసుకు రావాలంట. డోలీ మానడానికి కదా బండి ఇచ్చినారు?"

"మీ ఊళ్లోంచి ఎందుకు తీసేశారు?"

"మా ఊళ్లో మనుషులు లేరంట!" లచ్చమ్మ రెండు చేతులూ చాపి తన ఒళ్లు తనే చూసుకుంది. "నాను దెయ్యాన్నేమో, నాకు తెల్దు."

మళ్లీ నవ్వులు. కుందన కూడా నవ్వింది గానీ, ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

సాయంత్రం అయ్యేసరికి సంత విరిగింది. తట్టలు నెత్తికెత్తుకుని, గొడుగులు భుజాన తగిలించుకుని, జనం నాలుగు దిక్కుల కొండల్లోకి బారులుగా వెళ్లిపోయారు. పొద్దు కుంకుతుండగా మూడు దీపాలూ వాటంతటవే వెలిగాయి. వాటి కింద విస్తరాకులు, అల్లం పొట్టు, రెండు కుక్కలు మిగిలాయి.

"ఇక్కడ ఎవరుంటారు?" అని అడిగింది కుందన, ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని.

"నేనుంటా. మా కాంపౌండరు ఉంటాడు. ఆదివారాలు నేనూ ఉండను."

"అంతేనా?"

"పట్టణం కదా, ఇరుకు."

ఆమె నవ్వలేదు. ఫోనులో దాచుకున్న పటం తెరిచింది. ముదురు గోధుమ రంగు గడి ఒకటి, బొడ్డగండి, పట్టణం. చుట్టూ అన్నీ తెల్లటి గడులు. రేగంగుడ తెలుపు. దాని పక్క ఊరూ తెలుపు. లచ్చమ్మ మాటలకి నవ్విన ఆడవాళ్ల ఊళ్లన్నీ తెలుపు. తెలుపంటే ఖాళీ.

"సంతకి వీళ్లంతా ఎప్పుడు బయల్దేరతారు?"

"దూరం వాళ్లు ముందు రోజే వచ్చి ఇక్కడ పడుకుంటారు. దగ్గరోళ్లు కోడి కూయగానే దిగుతారు. ఏడింటికల్లా సంత నిండిపోద్ది. ఊళ్లలో ముసలీ ముతకా, పసిపిల్లలూ మిగులుతారు. ఏం?"

కుందన వేళ్ల మీద లెక్కపెట్టింది. నిశ్వాస ఈ కొండల మీదికి ఏ వారం నాడు వస్తుందో ఆమెకు తెలుసు. పోయినసారి గురువారం. అంతకు ముందు గురువారం. పద్నాలుగు రోజులకోసారి వచ్చేది ఏ చోటికైనా ఎప్పుడూ ఒకే వారం నాడు వస్తుంది. చంటిపిల్లలకి కూడా తెలిసిన ఆ లెక్క ప్రయోగశాలలో ఒక్కరికీ తట్టలేదు. నగరాల్లో సరిచూసుకున్నారు. నగరానికి ఏ రోజైనా ఒకటే. వారానికోసారి ఊళ్లకు ఊళ్లు లేచి మరో చోటికి నడిచి వెళ్తాయని నగరంలో పుట్టి పెరిగిన వాళ్లెవరూ అనుకోలేదు.

"యుగా," అందామె మెల్లిగా. "మేం ఇన్నాళ్లూ మనుషుల్ని చూడలేదు. సంతని చూశాం."

పొద్దున్నే ఆమె రేగంగుడకు నడుస్తానంది. దారి పొడవునా యుగంధర్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. సగం దారి జారుడు కాబట్టి, మిగతా సగం కొత్త పెళ్లికొడుకు కాబట్టి. బండరాళ్ల మీదుగా వాగు దాటాలి. వాగు అవతల నిటారు ఎక్కుడు. పురిటి నొప్పులు పడుతున్న మనిషిని ఈ దారిలో భుజాల మీద మోసుకు దిగడం ఎలా ఉంటుందో కుందన ప్రతి అడుగులోనూ ఊహించుకుంది. పక్కనే అంబులెన్సు కోసం కొట్టిన మట్టిబాట చుట్టూ తిరిగి పైకి వెళ్తోంది. దాని మీద చక్రాల గుర్తుల్లో అప్పుడే గడ్డి మొలుస్తోంది.

ఏడయ్యేసరికి ఊరి మొదట్లో నిలబడ్డారు. పొయ్యిల పొగ ఇంటింటి కప్పులోంచి లేస్తోంది. కుళాయి దగ్గర బిందెల గొడవ. ఒకావిడ పిల్లాడి తల పట్టుకుని పేలు చూస్తోంది. మగవాళ్లు నాగళ్లు భుజాన వేసుకుని బయల్దేరుతున్నారు. ఎక్కడ చూసినా మనుషులే. శుక్రవారం పొద్దుటి ఈ ఊరిని తమ ఉపగ్రహం ఇప్పుడున్న దారిలో తిరిగినన్నాళ్లూ చూడలేదు.

లచ్చమ్మ ఇంటి అరుగు మీద చిలకమ్మ చేటలో రాగులు చెరుగుతోంది. నిండు కడుపు. కుందనను చూసి సిగ్గుపడి, చేట పక్కన పెట్టి లేవబోయింది.

"కూర్చో కూర్చో. ఎలా ఉంది?"

"లోపల తంతన్నాడమ్మా. పొద్దున్నే లేస్తాడు. ఇంక ఎవురినీ పడుకోనీడు."

చెయ్యి పెట్టి చూడమన్నట్టు చిలకమ్మ పైట సర్దుకుంది. కుందన అరచెయ్యి ఆనించింది. లోపలినుంచి చిన్న మడమ ఒకటి ఆమె చేతిని గట్టిగా తన్నింది. ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఈ ఊపిరి ఇంకా మొదలే కాలేదు. అప్పుడే దీన్ని లెక్కలోంచి కొట్టేశాం అనుకుంది.

"బండి మళ్లీ ఇక్కడికి వచ్చేలా చూస్తాను," అంది పైకి.

"అందరూ సూత్తామనే అంటారమ్మా," అంది లోపలినుంచి లచ్చమ్మ గొంతు. కోపమేమీ లేదు అందులో. అదే కుందనకు గుచ్చుకుంది.

మధ్యాహ్నం బస్సు దిగి తిన్నగా ప్రయోగశాలకు వెళ్లింది. కాళ్లకు కొండ మట్టి అలాగే ఉంది. ఆవరణలో శనివారం సభకు షామియానా కడుతున్నారు. భువనమూర్తి గారు దగ్గరుండి గుంజలు లెక్కపెట్టిస్తున్నారు.

"ఏమ్మా, మీ ఆయనకి హల్వా నచ్చిందా?"

"సార్, లోపలికి రండి. ఫరీదా, నువ్వు కూడా."

చెప్పడానికి ఎంతో సేపు పట్టలేదు. బొడ్డగండి గడి చూపించింది. పొద్దున తీసిన రేగంగుడ ఫొటోలు చూపించింది. నిశ్వాస ఆ కొండల మీదికి వచ్చిన రోజులన్నీ ఒకదాని కింద ఒకటి పెట్టింది. గురువారం, గురువారం, గురువారం. ఫరీదా ముందు అర్థం చేసుకుంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని తన కంప్యూటర్ వైపు తిరిగింది. వారపు సంతలు జరిగే చోట్ల వివరాలు ఏ దేశానివి దొరికితే ఆ దేశానివి పటం మీద పరిచింది.

"మనదొక్కటే కాదు సార్," అంది కాసేపటికి. "ఆఫ్రికాలో ఉన్నాయి. ఆండీస్ కొండల్లో ఉన్నాయి. ఏ సంత రోజూ మన ఉపగ్రహం వచ్చే రోజూ కలిసినా అక్కడొక దొంగ పట్టణం పుడుతోంది, దాని చుట్టూ ఊళ్లు మాయమవుతున్నాయి. సంతలు వారంలో ఏదో ఒక రోజున పడతాయి కాబట్టి, ప్రతి ఏడింట ఒకటి."

భువనమూర్తి గారు కుర్చీలో కూర్చున్నారు. ఆయన ఈ ఏడాది చివర్న రిటైరవుతున్నారు.

"చేత్తో దిద్దేద్దాం," అన్నారు. "బొడ్డగండి గడిని తీసేసి, చుట్టూ ఊళ్లు పెట్టేద్దాం. మన రాష్ట్రంలో ఎన్నుంటాయి? ఒక వారం కూర్చుంటే అయిపోతుంది. మిగతా దేశాల వాళ్లు వాళ్ల గడుల సంగతి వాళ్లే చెప్పుకుంటారు."

"చెప్పుకుంటారు సార్," అంది కుందన. "అదే నా భయం. మనం మనది చేత్తో దిద్దితే ప్రతి దేశం తనది దిద్దుకుంటుంది. పట్టణాలు ఎక్కువ కావాలన్న వాళ్లు ఎక్కువ దిద్దుకుంటారు, తక్కువ కావాలన్న వాళ్లు తక్కువ. అప్పుడిక ఎవరి కుంచం వాళ్లదే. మనం పుట్టిందే అది మాన్పించడానికి కదా? కుంచం వంకరగా ఉంటే కుంచాన్నే సరిచెయ్యాలి. గింజల్ని కాదు."

"కుంచం ఆకాశంలో ఉందమ్మా!"

"దాన్ని కదపొచ్చు సార్. ఫరీదా చెప్తుంది."

ఫరీదా నొసలు చిట్లించింది. "పదిహేను రోజుల దారికి ఎత్తొచ్చు. అప్పుడు వచ్చిన ప్రతిసారీ వారం మారుతుంది. ఏడుసార్లు తిరిగేసరికి ప్రతి గడినీ ఆది నుంచి శని దాకా అన్ని రోజుల్లోనూ చూసినట్టవుతుంది. సంత రోజు ఏదో, మామూలు రోజు ఏదో పటానికే తెలుస్తుంది. కానీ సార్, ఇంధనం సగం పైగా ఖర్చయిపోతుంది. ఎనిమిదేళ్లు బతకాల్సింది నాలుగేళ్లకే రాలిపోతుంది. మన ఆదివారాలు కూడా పోతాయి."

"మండలి ఊరుకుంటుందా?" అన్నారు భువనమూర్తి గారు. "అలాగైతే ఈ పటం వెనక్కి తీసుకోవాలి. ఒకసారి వెనక్కి తీసుకున్న పటం మళ్లీ వరస చివర్న నిలబడాలి. రెండేళ్లో, మూడేళ్లో. ఈలోగా ఇంకొకరు ఇంకో పటం పట్టుకొస్తారు. వాళ్లదే ఒప్పుకుంటారు. నేనప్పుడు ఇంట్లో పేపరు చదువుకుంటూ ఉంటాను." ఆయన గొంతు పెరిగింది. "ఇరవై ఏళ్లమ్మా! ఇరవై ఏళ్లలో నాకు వచ్చిన ఒక్కటంటే ఒక్క ఉత్తరం ఇది!"

కుందనకు ఆయన మీద జాలి వేసింది. తన పెళ్లికి ముందు రోజు రాత్రి స్వయంగా పూలబుట్టలు మోసిన మనిషి ఆయన. ఆయన ముందు గొంతెత్తడం ఆమెకు చేతకాదు. అయినా అక్కడినుంచి కదల్లేదు.

"సార్, ఈ పొద్దున నేనొక అమ్మాయి కడుపు మీద చెయ్యి పెట్టాను. నెలలు నిండాయి. ఆ ఊరి అంబులెన్సుని తీసుకెళ్లి, మామూలు రాత్రుల్లో ఇద్దరు తప్ప ఎవరూ పడుకోని చోట గొలుసు వేసి కట్టేశారు. మన పటం చూసే కట్టేశారు. నెలాఖరు దాటితే పదేళ్లు అలాగే ఉంటుంది. అదొక్క ఊరే కాదు. ఏడింట ఒకటని ఫరీదా చెప్తోంది. ఎన్ని దేశాల్లో ఎన్ని డోలీలు దిగాలో నేను లెక్క వెయ్యలేను. మీరు వెయ్యగలిగితే వెయ్యండి, నేను నోరు మూసుకుంటాను."

షామియానా కట్టేవాళ్లు బయట మేకులు కొడుతున్నారు. భువనమూర్తి గారు లేచి కిటికీ దగ్గరికి వెళ్లారు. దూరంగా హార్బరులోకి ఓడ ఒకటి వస్తోంది. ఆయన దాన్ని చూస్తున్నట్టే ఉన్నారు గానీ చూడటం లేదు. వెనక్కి తిరిగేసరికి కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుస్తున్నారు.

"సంతని చూసి పట్టణం అన్నామా మనం," అన్నారు. హఠాత్తుగా ఆయనకు నవ్వొచ్చింది. "చెత్తడబ్బాలు కూడా పెట్టారా?"

"ఆకుపచ్చవి సార్. ఒకదాంట్లో కోడిపిల్లల్ని అమ్ముతున్నారు."

ఆయన పగలబడి నవ్వారు. నవ్వి నవ్వి కుర్చీలో కూలబడి, నీళ్లు తాగి, ఫరీదా వైపు తిరిగారు.

"దాని ఇంజను ఎప్పుడు మండించగలవు?"

"రేపు పొద్దున ఏడింటికి మన నెత్తి మీదుగా వెళ్తుంది సార్. అప్పుడే మంచిది."

"మండించు. షామియానా వాళ్లని పంపించకండి. సభ ఉంటుంది. పూలదండలు మాత్రం వద్దని చెప్పండి. మండలి వాళ్లు వింటూ ఉండగా నేనే చదువుతాను, మా పటం మీద మొదటి అభ్యంతరం మాదేనని. తప్పెక్కడ జరిగిందో, ఎలా దిద్దుతామో కూడా నేనే చెప్తాను. వరస చివర్న నిలబెడితే నిలబడదాం. నేను రిటైరైతే నువ్వు నిలబడు." చివరి మాట కుందన వైపు చూస్తూ అన్నారు.

కాగితం మీద ఏం రాయాలో ముగ్గురూ కూర్చుని గంటసేపు తగువులాడుకున్నారు. 'చిన్న లోపం' అన్న మాట భువనమూర్తి గారు రాస్తే కుందన కొట్టేసింది. 'ఘోరమైన పొరపాటు' అని ఆమె రాస్తే ఆయన కొట్టేశారు. చివరికి 'పొరపాటు' మిగిలింది. ఆ తర్వాత కుందన అంబులెన్సులు నడిపే సంస్థకు ఫోను చేసింది. అక్కడి మేనేజరు మొదట విసుక్కున్నాడు. పటం ఎలా చెబితే తాము అలా చేశామన్నాడు. పటం గీసినవాళ్లమే చెబుతున్నాం, అది తప్పు అని ఆమె అనేసరికి దిగొచ్చాడు. వెనక్కి తీసుకుంటున్నట్టు సంతకంతో కాగితం తెస్తే బండి తాళం ఇస్తానన్నాడు.

సాయంత్రం ఆమె ఫోను చేసేసరికి యుగంధర్ డాబా మీదే ఉన్నాడు. మొదటి రింగుకే ఎత్తాడు.

"నువ్వు బస్సెక్కినప్పటి నుంచి ఇక్కడే ఉన్నా. కాంపౌండరు కాఫీ కూడా పైకే తెస్తున్నాడు. ఏమైంది?"

"వెనక్కి తీసుకుంటున్నాం."

అటునుంచి గాలి హోరు వినిపించింది. "నీ పటం పోయిందా మరి?" అన్నాడు మెల్లిగా.

"పోలేదు. మళ్లీ గీస్తాం. ఏడుపు వస్తుందేమో అనుకున్నా, ఆకలేస్తోంది. విను, రేపటి సంగతి చెప్తా. రేపు నువ్వు కొండ దిగకు. పొద్దున ఏడింటికి ఇంజను మండిస్తాం. పదింటికి సభలో సార్ చదువుతారు. ఆయన సంతకం పెట్టగానే కాగితం పట్టుకుని నేను బస్సెక్కుతా. తాళం దారిలోనే తీసుకుంటా. నాలుగింటికి నువ్వు ఆ స్తంభం దగ్గరుండు. చీకటి పడేలోపు బండి రేగంగుడలో పెట్టేయాలి."

"ఎవరు తోలతారు ఆ బాటలో?"

"నువ్వే. నాకు స్కూటీ తప్ప రాదు."

"మరి నువ్వు?"

"వెనక పడక మీద పడుకుని వస్తా. ఎక్కడ కుదుపుతోందో, ఎక్కడ ఒరుగుతోందో అరిచి చెప్తా. నువ్వు గుర్తు పెట్టుకో. చిలకమ్మని ఎక్కించేలోపు ఆ గుంటలన్నీ మనం పూడ్చాలి. రెండు పారలు అడిగి ఉంచు."